వంతెనకీ మెట్లకీ మధ్య పదహారు పేజీలు

గ్రంథాలయం వెనక బైండింగు గది
జనవరి

మిరపగింజా,

ముందు కూర్చో, తరవాత చదువు. నేను నగరానికి వస్తున్నాను.

నవ్వకు. జూన్ నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ గదిలో కూర్చుని పక్కవాళ్ళు చదివి చింపిన పుస్తకాలు కుట్టాను. ఆ నగరం గురించినవే రెండు వందలకు తక్కువ కుట్టి ఉండను. నా ఆడపడుచు అక్కడే పంతొమ్మిదేళ్ళుగా ఉంది. నేను మాత్రం ఈ ఊరు దాటి నాలుగు స్టేషన్లు పోలేదు. ఇక చాలు.

మీ అన్నయ్యకి చెప్పాను. ఆయన మీటర్ రీడరుగా రిటైరైనా కళ్ళు ఇంకా గోడల మీదే ఉంటాయి. తల తిప్పకుండానే అడిగారు, "ఏముంది ఆ నగరంలో? మనుషులు, మురుగు, మెట్లు. ఇక్కడ లేవా?"

"మీ చెల్లెలు ఇక్కడ లేదు" అన్నాను.

పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. నువ్వు నాటకశాలలో దుస్తులు కుట్టే ఉద్యోగం వచ్చిందని పెట్టె సర్దిన రోజున, "వారం తిరక్కుండా వస్తుంది చూడు" అన్న మనిషి. ఆ వారం ఇంకా తిరగలేదు. నీ పేరు ఎత్తరు. కానీ నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వంటింట్లో నిలబడి గట్టిగా చదువుతానా, అప్పుడు ముందుగదిలో పేపరు చప్పుడు ఆగిపోతుంది. అక్షరం పొల్లుపోకుండా వింటారు. అడిగితే "కుళాయి కారుతోందేమోనని వింటున్నా" అంటారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొద్దులా వచ్చి దిగను. చదవాల్సినవి చదివి, చూడాల్సిన సినిమాలు చూసి వస్తాను. ఏవి చదవాలో, ఏవి చూడాలో నువ్వే రాసి పంపు. నీకంటే ఆ నగరం తెలిసిన వాళ్ళు మనకెవరున్నారు?

నీ వదిన


నది ఒడ్డు గది, నగరం
ఫిబ్రవరి

వదినా,

నీ ఉత్తరం చదివి నిజంగానే కూర్చున్నాను. నువ్వూ నీ తెగింపూ! అన్నయ్య ముఖం చూడాల్సింది నేను.

వద్దువుగాని. కానీ జూన్, జూలై అస్సలు వద్దు. ఎండకి రాళ్ళు పేలతాయి, ఊరంతా వచ్చిపోయే జనమే. తరవాత వానలు. ఆ తరవాత చలి. నిదానంగా చూద్దాం. దూరపు కొండలు నునుపు వదినా, వచ్చినవాళ్ళలో సగం మంది మొహం వేలాడేసుకునే వెళ్తారు. నన్నడిగితే చదవడం, సినిమా చూడడం, ఈ రెండూ చేస్తే నగరం చూసినట్టే.

సరే, రాసుకో.

పుస్తకాల్లో మొదటిది వందేళ్ళ కిందటి డాక్టరు భార్య దినచర్య. మొదటి యాభై పేజీలు వాళ్ళాయన్ని పొగుడుతుంది, వదిలెయ్. ఆయన చచ్చిపోయాక బాగుంటుంది. తరవాత ట్రాములో తిరిగే పిల్లి బొమ్మల పుస్తకం. చిన్నపిల్లలదని ఎగతాళి చెయ్యకు, వీధులన్నీ అందులో ఉన్నట్టే ఉంటాయి. ఇంకొకటి లావుపాటి చరిత్ర. రాజుల జోలికి పోకు, వాళ్ళంతా ఒకటే. వరద వచ్చిన అధ్యాయం చదువు చాలు.

సినిమాలు నాలుగు. గడియారాలు బాగుచేసే మొగుడూ పెళ్ళాల నలుపు-తెలుపు సినిమా. ఇద్దరూ మాట్లాడుకోరు, గడియారాలే మాట్లాడతాయి. రెండోది డాన్సుల సినిమా, చివరి అరగంట చూస్తే సరి. మూడోది పడవ దాటే మూగ సినిమా, పావుగంటే. నాలుగోది దొంగ ఇళ్ళ కప్పుల మీద పరుగెత్తే సినిమా. దాన్ని రెండుసార్లు చూడు.

ఇవి చూసుకుంటూ నన్ను తలుచుకో. నేనేమో రోజూ పొద్దున్నే వంతెన దిగుతాను. ఎదురుగా ముప్పై రెండు మెట్లు, పైన నాటకశాల. మెట్లు తడిగా ఉంటే దీపాలు కాళ్ళకింద వెలుగుతాయి. ఆ మెట్లెక్కడానికే బతికానా అనిపిస్తుంది. అన్నయ్యకి ఈ ముక్క గట్టిగా చదివి వినిపించు.

నీ మిరపగింజ


బైండింగు గది
మార్చి

మిరపగింజా,

డాక్టరు భార్య నాకు తెగ నచ్చింది. మొగుడు పోయిన మూడో రోజునే కొత్త చెప్పులు కొనుక్కుంది! పిల్లి పుస్తకం పిల్లల గది నుంచి అడిగితే పెద్దమేడమ్ "మీకా?" అంది. "నాకే, నా రిటైర్మెంటు చదువుకి" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడకి ఎదురు జవాబు చెప్పడం ఇదే మొదలు. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో మొదలెట్టేదాన్ని.

సినిమాలకి పాత హాలు ఆపరేటరుని పట్టుకున్నాను. రీలు తాత అంటారందరూ. హాలు మూసేశారు కానీ ఒక ప్రొజెక్టరూ, గదినిండా రీళ్ళూ ఇంటికి తెచ్చుకున్నాడు. గురువారం సాయంత్రాలు వేసి చూపిస్తానన్నాడు. మొదటి గురువారం నేను చెప్పులేసుకుంటుంటే మీ అన్నయ్య కూడా చొక్కా తొడుక్కున్నారు.

"మీరెక్కడికి?"

"తాత ఇంట్లో కరెంటు వైర్లు పాతవి. ఏ నిప్పైనా అంటుకుంటే?"

వైర్లు చూడ్డానికి వచ్చిన మనిషి గడియారాల సినిమా మొత్తం రెప్ప వాల్చకుండా చూశారు. డాన్సుల సినిమా చివరి అరగంట చాలంటే, "డబ్బా తెరిచాక మొత్తం చూడాలి" అన్నారు. వీధిలో జనం కనపడే చోటల్లా ముందుకి వంగుతారు. కళ్ళు కనపడటం లేదా అంటే కసురుకున్నారు.

నాలుగోది, దొంగ సినిమా, నిన్ననే చూశాం. అందులో దొంగ వంతెన మీంచి దూకి పరుగెత్తి పరుగెత్తి, సందులన్నీ తిరిగి, చివరికి నీ నాటకశాల మెట్ల దగ్గర దొరికిపోతాడు. దారిలో వస్తూ మీ అన్నయ్య మెల్లిగా అన్నారు, "వంతెనకీ మెట్లకీ మధ్య అంత దూరం ఉందేం? దిగగానే మెట్లని కదా..." అని నాలుక్కరుచుకున్నారు. చూశావా, కుళాయి చప్పుడు ఎంత శ్రద్ధగా విన్నారో!

సినిమావాళ్ళు తిప్పి తిప్పి చూపిస్తారులే అని సర్దేశాను. అంతేనా?

ఇంకో మాట. టికెట్టు తీసుకున్నాను. జూలై రెండు. ఎండకి రాళ్ళు పేలితే పేలనీ, నాకేం, గొడుగుంది.

నీ వదిన


నగరం
ఏప్రిల్

వదినా,

తొందరపడ్డావు. జూలైలో మా నాటకం వేరే ఊళ్ళకి వెళ్తోంది, నేనూ వెళ్ళాలి. ఎప్పుడొస్తామో తెలీదు. పైగా గదికి రిపేర్లు, నీళ్ళు రావు. నువ్వొచ్చి తాళం చూసి వెళ్ళాలి.

టికెట్టు వెనక్కిచ్చెయ్. నా మాట విను.

సినిమావాళ్ళ సంగతి నువ్వే చెప్పావుగా. తిప్పి చూపిస్తారు.

మిరపగింజ


బైండింగు గది
ఏప్రిల్ చివర

మిరపగింజా,

నీ ఉత్తరాలు ఎప్పుడూ నాలుగు పేజీలు ఉంటాయి. ఇది తొమ్మిది వాక్యాలు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నిన్నొకటి అడగాలి. నీ పట్టీ చూసి రీలు తాత, "ఇదేంటమ్మా, ఆ నగరానికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ముందు తపాలా మనిషి నవలే చదువుతారు. అది లేకుండా పట్టీ ఏంటి?" అన్నాడు. చిరునామా చెరిగిపోయిన ఒక ఉత్తరం పట్టుకుని నగరమంతా తిరిగే పోస్టుమాన్ కథ. నీకు ప్రాణం ఆ పుస్తకం. అది ఎందుకు రాయలేదో నాకు తెలుసు. నువ్వు పెట్టె సర్దుకున్న రోజున నేను కుట్టడానికి ఇంటికి తెచ్చుకున్న ఆ పుస్తకం నీతోపాటే వెళ్ళిపోయింది. నేను రిజిస్టరులో "చెదలు తిన్నది" అని రాశాను. పాపం చెదలు, వాటికి నోరు లేదు. ఇన్నేళ్ళూ ఆ మాట నేనెత్తలేదు.

గ్రంథాలయంలో ఇంకో ప్రతి ఉంది. తీసి చదివాను. చదువుతూ చదువుతూ నూట పన్నెండో పేజీ చివర ఆగిపోయాను. "అతను వంతెన దిగాడు" అని ఉంది. నీ ఉత్తరాల్లో నాకు గుర్తున్నదాని ప్రకారం, తరవాత "ఎదురుగా ముప్పై రెండు మెట్లు" అని రావాలి. రాలేదు. పదహారు పేజీలు సందులున్నాయి. గొడుగులు బాగుచేసేవాళ్ళు, ఆస్పత్రి పెరడు, సబ్బులు వండే వీధి. అన్నీ అయ్యాక, నూట ఇరవై తొమ్మిదో పేజీలో, అప్పుడొచ్చాయి మెట్లు.

నీకు చెప్పాలి, పుస్తకం ఎలా కుడతామో. పదహారేసి పేజీలు ఒక మడత. దాన్ని ఫారం అంటాం. ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఆ రోజు మీ అన్నాచెల్లెళ్ళు ముందుగదిలో అరుచుకుంటున్నారు. నేను వంటింట్లో దబ్బనం పట్టుకుని ఏడుస్తూ కుట్టాను. ఎనిమిదో ఫారం ఉండాల్సిన చోట తొమ్మిదోది, దాని వెనక ఎనిమిదోది కుట్టాను. వంతెన దిగాడు, ఎదురుగా ముప్పై రెండు మెట్లు. వాక్యానికి వాక్యం అతికింది కాబట్టి నీకు తేడా తెలీలేదు. ప్రపంచంలో ఆ తప్పు ఉన్నది ఒక్క ప్రతిలోనే. అది నీ దగ్గరే ఉంది.

నీ ఉత్తరాలన్నీ దించాను. ఆరింటిలో ఒకటే వరస: ముందు మెట్లు, ఆ తరవాత గొడుగులవాళ్ళు, ఆ తరవాత సబ్బుల వీధి. పంతొమ్మిదేళ్ళుగా నీ నగరం నా తప్పు కుట్టు ప్రకారమే నడుస్తోంది. అక్కడ రోజూ నడిచే మనిషి ఒకసారి పొరపడుతుంది, ఆరుసార్లు పొరపడదు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నువ్వు ఆడావు, నేను అతికాను. ఇప్పుడు చెప్పు. ఎక్కడున్నావు?

వదిన


రైలు యార్డు వెనక, కుట్టుమిషన్ల షెడ్డు
మే

వదినా,

పైన రాసింది చూశావుగా. అదీ నా చిరునామా. తపాలావాళ్ళ లెక్కలో ఇది కూడా నగరమే, కవరు మీద నువ్వు రాసే ఎనభై ఏడో నంబరు ఈ యార్డుదే. అందుకే నీ ఉత్తరాలన్నీ చేరాయి. నగరం ఇక్కణ్ణించి లోకల్ రైల్లో గంట.

అవును, అబద్ధాలే. అన్నీ. ఏం చేస్తావు?

నాటకశాలలో మూడు నెలలున్నాను. దుస్తుల గదికి పెద్దాయన ఒకడుండేవాడు. తాను చింపిన అంగీ నేను చింపానని అందరి ముందూ అన్నాడు. అంగీ తీసుకెళ్ళి వాడి బల్ల మీదేసి, చిరుగు దగ్గర అంటిన సుద్ద ఎవరి చేతులకుందో చూడమన్నాను. అందరూ నవ్వారు. మర్నాడు నన్ను రావద్దన్నారు. చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను.

అప్పుడే వెనక్కి వచ్చేయొచ్చు. టికెట్టుకి సరిపడా డబ్బు ఉండేది కూడా. కానీ అన్నయ్య గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా చూస్తాడు చూడు, ఆ చూపుకి నేను సిద్ధంగా లేను. ఇక్కడ షెడ్డులో ఆస్పత్రులకి దుప్పట్లు కుట్టే పని దొరికింది. వారానికోసారి లారీ వచ్చి పట్టుకెళ్తుంది. ఎక్కడికో మాకు చెప్పరు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, తలెత్తుకుని వెళ్ళగలిగేదాకా ఆ వంతెన మళ్ళీ తొక్కనని. మూడు నెలలూ ట్రాములో తలుపు దగ్గర వేలాడుతూ వెళ్ళి వచ్చినదాన్ని, వీధులేం చూశాను? ఆ తరవాత ఒట్టు. మిగిలింది నువ్వు కుట్టిన పుస్తకం. అందులోంచే రాశాను. కొన్ని సినిమాల్లోంచి కూడా. మా షెడ్డు గోడ మీద తెర కట్టి వేసేవాళ్ళు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనుకుంటున్నావా? అనుకో. కానీ ఒకటి విను. ఈ పంతొమ్మిదేళ్ళూ ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. నాకో గది ఉంది, కిటికీ ఉంది, మిషను నా సొంతం. షెడ్డులో కొత్తగా వచ్చినవాళ్ళు కుట్టు నా దగ్గరే నేర్చుకుంటారు. మూల దగ్గర దారం తెగకుండా నువ్వు నేర్పిన బైండింగు ముడి వేస్తాను. దుప్పటి చిరిగినా ముడి ఊడదు. ఇంత మంది కుట్టేవాళ్ళలో ఆ ముడి వేసేది నేనొక్కదాన్నే. ఎవరికి నేర్పబోయినా "ఇంత ఓపిక మాకు లేదు" అంటారు.

నేను ఓడిపోలేదు. నగరంలో లేను, అంతే. ఆ రెండూ ఒకటేనని అన్నయ్య అంటాడు. అందుకే నువ్వు రావద్దు. నువ్వు చూస్తే ఆయనకి చెప్పాలి, చెప్తే ఆయన మాట గెలుస్తుంది. నా పంతొమ్మిదేళ్ళు పోతాయి. నీ కాళ్ళు పట్టుకుని అడగను, అలవాటు లేదు. రావద్దంటున్నాను, అంతే.

మిరపగింజ


బైండింగు గది
మే చివర

ఒసే మొండిఘటమా,

టికెట్టు వెనక్కివ్వను. నీ ఒట్టు నీది, నా టికెట్టు నాది.

నేను నగరం చూడ్డానికి బయల్దేరానని నువ్వు నిజంగా నమ్మావా? రెండు వందల పుస్తకాలు కుట్టినదాన్ని, నాకు ఆ మెట్ల మీద మోజేముంది? నిన్ను చూడాలి. నువ్వు మెట్ల దగ్గరుంటే మెట్ల దగ్గరికొస్తాను, యార్డులో ఉంటే యార్డుకొస్తాను. బొగ్గు మసి అంటితే కడుక్కుంటాను.

ఇక మీ అన్నయ్య సంగతి. నీ ఉత్తరం ఈసారి గట్టిగా చదవలేదు. ఆయన ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపటికీ నా గొంతు రాకపోయేసరికి వంటింట్లోకి వచ్చారు. నీ ఉత్తరం వచ్చిన రోజున అలా రావడం పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

"ఏం, ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"ఎవరికి?" అన్నాను.

"నీకే" అన్నారు. అక్కడే నిలబడ్డారు. కదల్లేదు.

ఉత్తరం ఇవ్వలేదు. నీది నీకే వదిలాను, నువ్వు చెప్పమంటేనే చెప్తాను. కానీ నీకు తెలియాల్సింది ఒకటుంది. గురువారం దొంగ సినిమా రెండోసారి వేయించుకున్నారు, నేను లేకుండా. రీలు తాత చెప్పాడు. సంతలో జనం కనపడే చోట రీలు ఆపించి, తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించారట, "ఆ ఆకుపచ్చ స్కార్ఫు మనిషి ముఖం ఇటు తిరుగుతుందా?" అని. తిరగదని తాత చెప్పాడు. అయినా మూడుసార్లు వేయించుకున్నారట.

నువ్వు వెళ్ళిన రోజున ఏ స్కార్ఫు కట్టుకున్నావో నీకు గుర్తుందా? ఆయనకి గుర్తుంది. ఆ సినిమా నువ్వు పుట్టకముందు తీసింది. ఆ సంగతి కూడా ఆయనకి తెలుసు. అయినా వెతుకుతున్నారు. నన్నడిగితే, నీ మీద గెలవాలనుకునే మనిషి చేసే పని కాదిది. నువ్వు పోట్లాడుతున్న అన్నయ్య ఇప్పుడు ఎక్కడా లేడు. నువ్వొక్కదానివే ఇంకా గోదాలో నిలబడి ఉన్నావు.

తప్పు కుట్టింది నేను, ఒప్పుకుంటున్నాను. కానీ విప్పి కుట్టాల్సింది నువ్వు. తలెత్తుకుని వెళ్ళే రోజు దానంతటదే రాదే. ఆదివారం రైలెక్కు. వంతెన దిగు. అక్కణ్ణించి మెట్లదాకా నడిచి, మధ్యలో ఏముందో నాకు రాయి. పుస్తకంలో చూసి రాశావంటే నాకు తెలిసిపోతుంది, ఆ పదహారు పేజీలూ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

నీకు భయమైతే అది కూడా రాయి.

వదిన


నగరం. నిజంగా నగరం.
నాటకశాల మెట్ల మీద, కింది నుంచి మూడోది
జూన్, ఆదివారం

వదినా,

మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు మోకాలిది.

భయం? నాకా? వేసింది. రైల్లోనే రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. నీ మీద కోపంతో దిగలేదు. "నీకు భయమైతే" అని రాస్తావా!

వంతెన దిగాను. ఎదురుగా మెట్లు లేవు. నువ్వు గెలిచావు. ఎదురుగా పళ్ళు కట్టేవాడి దుకాణం ఉంది, అద్దంలో పళ్ళ వరస నవ్వుతోంది. గొడుగులు బాగుచేసేవాళ్ళు ఒక్కళ్ళూ లేరు. గొడుగు చెడితే ఇప్పుడు పారేస్తారట. ఆ సందులో ఫోన్లు బాగుచేస్తున్నారు. సబ్బుల వీధిలో సబ్బు వాసన పోయి చాలా ఏళ్ళైంది, కాఫీ వాసన వస్తోంది. నవలలో నిశ్శబ్దంగా ఉందన్న చౌరస్తాలో ఒకావిడ మొగుణ్ణి కారులోంచి దింపేసి తిడుతోంది. నిలబడి మొత్తం విన్నాను. తప్పు ఆయనదే.

తరవాత ఆస్పత్రి పెరడు. అది మాత్రం అలాగే ఉంది. ఇనప కటకటాలు, లోపల తీగల మీద ఉతికిన దుప్పట్లు, వందల కొద్దీ. నేను ఊరికే దాటిపోయేదాన్ని. గాలికి ఒక దుప్పటి మూల కటకటాల్లోంచి బయటికి వచ్చి నా చేతికి తగిలింది. కుట్టుపనివాళ్ళం కదా, చెయ్యి ఊరుకుంటుందా, మూల తిప్పి చూశాను.

నీ ముడి ఉంది వదినా. బైండింగు ముడి.

రెండోది లాగి చూశాను. ఉంది. మూడోది. లోపల నర్సు ఒకావిడ "ఏయ్, ఏం కావాలి?" అని అరిచింది. "ఏమీ వద్దు, ఇవన్నీ నేను కుట్టినవే" అన్నాను. "అయితే?" అంది. అయితే ఏముంది! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ నన్ను పిచ్చిదనుకుని లోపలికి పోయింది. నేను ఈ నగరంలో లేను, లేను అని ఇన్నేళ్ళు కుమిలిపోయానే, ఇక్కడివాళ్ళు జబ్బుపడితే పడుకున్నది నా దుప్పట్ల మీద. పురుళ్ళు పోసుకున్నది నా దుప్పట్ల మీద. నన్ను రావద్దన్న ఆ పెద్దాయన కూడా ఏదో ఒక రోజు వాటి మీద పడుకునే ఉంటాడు. నేనేమో వంతెన అవతల నిలబడి ఒట్లు పెట్టుకున్నాను.

ఆ తరవాత మెట్ల దగ్గరికి నడవడం ఏమంత కష్టం కాలేదు. కాపలావాడు "ఇక్కడ కూర్చోకూడదు" అన్నాడు. "ఇక్కడ పనిచేశాను, ఎన్నేళ్ళదో బాకీ ఉంది, కాసేపు కూర్చుంటాను" అన్నాను. ఏమనుకున్నాడో, పోయాడు.

వదినా, ఇంకోటి. మెట్లు ముప్పై రెండు కాదు. ఎక్కి దిగి లెక్కపెట్టాను, ఇరవై తొమ్మిదే. ఆ నవల రాసినాయన కూడా నాలాగే ఇంట్లో కూర్చుని రాసినట్టున్నాడు!

అన్నయ్యకి ఈ ఉత్తరం గట్టిగా చదువు. మే నెల ఉత్తరం కూడా. యార్డు, షెడ్డు, పోయిన ఉద్యోగం, అన్నీ. ఆయన గెలిచాననుకుంటే అనుకోనీ. నేను మాత్రం ఓడిపోలేదు. జూలై మూడు పొద్దున స్టేషనుకి వస్తాను. పుస్తకం తెస్తాను, నువ్వు దబ్బనం తెచ్చుకో. ఎనిమిదో ఫారం దాని చోట దాన్ని కుట్టి, రిజిస్టరులో చెదల మీద పెట్టిన నింద కొట్టేయించు.

నీ మిరపగింజ


ఇంటి నుంచి
జూన్ చివర, కార్డు

చెల్లాయీ,

మీ వదిన రెండు ఉత్తరాలూ చదివింది. విన్నాను. కుళాయి ఏమీ కారడం లేదు.

మెట్లు ఇరవై తొమ్మిది అన్నావట. దొంగ సినిమాలో నేను లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. చిన్నప్పటి నుంచీ నీకు లెక్కలు రావు. నేను స్వయంగా వచ్చి లెక్కపెడతాను. రెండో టికెట్టు తీసుకున్నాను. దీన్ని క్షమాపణ అనుకోవద్దు, లెక్క తేల్చుకోవడానికి వస్తున్నాను.

నాకూ ఒక లెక్క తప్పింది. వారం అన్నాను. అందుకని వారం రోజులు ఉంటాను, మీ షెడ్డు పక్కనే. నువ్వు కుట్టిన దుప్పటి ఒకటి ఉంచు.

స్టేషన్లో ఆకుపచ్చ స్కార్ఫు కట్టుకుని గడియారం కింద నిలబడు. ముఖం ఇటు తిప్పి నిలబడు. జనంలో వెతకడం నావల్ల కాదు ఇక.

అన్నయ్య